ఖైదీ వాఙ్మూలం

జైలును గురించి తెలుగు సాహిత్యంలో చాలా వుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి"ని జైల్లోనే రాశాడు. దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. వట్టికోట ఆళ్వారుస్వామి "జైలు లోపల" కథలు మనకిచ్చి పోయాడు. 1950 ఫిబ్రవరి 11న సేలం జైల్లో 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు కాల్పులకు బలైన సంగతిని అభ్యుదయవాదులు ఈనాటికీ మరిచిపోలేదు. ఇంత వున్నా, జైల్లో తనకు అన్యాయం జరిగిందని ఒక మామూలు ఖైదీ ఫిర్యాదు చేస్తే దాన్ని ఎవరు వింటారు, ఎట్లా వింటారు, విన్నదాన్ని ఏ మాటల్లో కాగితం మీద పెడతారు అనే విషయం మీద మన దృష్టి పడింది తక్కువ.

కారణం ఊహించడం కష్టం కాదు. పైన చెప్పిన రచయితలందరూ చదువుకున్నవారు. తమ బాధ తామే రాసుకోగలిగినవారు. వారి మాట మరొకరి చేతిరాత గుండా ప్రయాణం చేయవలసిన అవసరం లేకపోయింది. చిన్న దొంగతనం కేసులో శిక్షపడ్డ కూలివాడి సంగతి వేరు. అతని నోటి నుంచి వచ్చిన మాట అధికారి బల్ల మీదికి చేరేలోగా కనీసం ఇద్దరు ముగ్గురి కలాలు దాటాలి. ఒక్కొక్క కలం దగ్గర అందులో కొంత రాలిపోతుంది, లేనిది కొంత వచ్చి చేరుతుంది. చివరకు మిగిలిన దానికి "వాఙ్మూలం" అని పేరు.

నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. రెండేళ్లపాటు కోస్తా జిల్లాల్లోని ఒక జైలుకు అనధికార సందర్శకుడుగా వున్నాను. ఆ జైలు పేరు, అక్కడివారి పేర్లు ఇక్కడ అనవసరం. ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ ఒక్క జైలుకో ప్రత్యేకమైన జబ్బు కాదు. ఈ సందర్శకుడు అనేవాడు ప్రభుత్వం నియమించినవాడు, జీతం లేనివాడు. అతను లోపలికి వెళ్లవచ్చు, ఖైదీలతో మాట్లాడవచ్చు, రిజిస్టర్లు చూడవచ్చు, వంటశాలలో పప్పు రుచి చూడవచ్చు. తనకు తోచింది సందర్శకుల పుస్తకంలో రాయవచ్చు. ఆ రాతకు సూపరింటెండెంటు తన వ్యాఖ్య జోడించి పై అధికారికి పంపిస్తాడు. అంటే సందర్శకుడు చెప్పిన మాట మీద ఆఖరి మాట ఎప్పుడూ జైలు అధికారిదే.

సందర్శకుడైన కొత్తలో నేను చట్టం తీసి చదివాను. మన జైళ్లను వందేళ్లకు పైగా నడిపించింది 1894 నాటి కారాగార చట్టం. అందులో 45వ సెక్షను జైల్లో నేరాలేమిటో ఏకరువు పెడుతుంది. పని ఎగ్గొట్టడం, రోగం నటించడం, నిషేధించిన వస్తువు దగ్గర వుంచుకోవడం వగైరాలన్నీ అందులో వున్నాయి. వాటి వరసలో పద్నాలుగోది: అధికారి మీద గాని, తోటి ఖైదీ మీద గాని బుద్ధిపూర్వకంగా అబద్ధపు ఆరోపణ చేయడం. ఆ తరువాతి సెక్షను చూడండి. ఈ నేరాలను విచారించేవాడు, నిర్ణయించేవాడు, శిక్షించేవాడు సూపరింటెండెంటు. జైల్లో పనిచేసే వార్డరు మీద ఖైదీ ఫిర్యాదు చేస్తే, ఆ వార్డరుకు పై అధికారి విచారిస్తాడు. ఫిర్యాదు అబద్ధమని ఆయనకు తోస్తే, అదే బల్ల ముందు, అదే కుర్చీలో కూర్చుని, ఫిర్యాదు చేసినవాణ్ణి ముద్దాయిగా నిలబెట్టవచ్చు.

తప్పుడు ఆరోపణను శిక్షించకూడదా అని ఎవరైనా అడగవచ్చు. బయట కూడా అబద్ధపు ఫిర్యాదు నేరమే. కాని బయట ఫిర్యాదు చేసినవాడు ఆ రాత్రి తన ఇంట్లో పడుకుంటాడు. జైల్లో ఫిర్యాదు చేసినవాడి గదికి తాళం వేసేది తాను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ మనిషే, లేదా ఆ మనిషి స్నేహితుడు. ఈ తేడాను 1894 నాటి దొరలు గమనించలేదని అనుకోలేం. గమనించే ఆ పద్నాలుగో నేరాన్ని జాబితాలో చేర్చారు.

ఇక నా ముందుకొచ్చిన సంగతి. ఒక ఖైదీకి దొంగతనం కేసులో మూడేళ్ల శిక్ష. శ్రీకాకుళం వైపు పల్లెవాడు, ముప్ఫై ఏళ్ల లోపు వయసు, అక్షరం ముక్క రాదు. ఐటీఐ చదువుతూ మధ్యలో ఆపేసిన మరో ఖైదీ అతని తరఫున ఒక కాగితం రాసి ఫిర్యాదుల పెట్టెలో వేశాడు. దాని మీద డిప్యూటీ సూపరింటెండెంటు స్థాయి అధికారి ఒకాయన విచారణ జరిపాడు. ఆరోపణ రుజువు కాలేదని తేల్చాడు. ఫిర్యాదు చేసినవాడికి అబద్ధపు ఆరోపణ కింద ముప్ఫై రోజుల రిమిషన్ ఎందుకు కోతపెట్టకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. రిమిషన్ అంటే మంచి నడవడికకు శిక్షలో తగ్గే రోజులు. మూడేళ్లవాడికి ముప్ఫై రోజులంటే ఎంతో, రోజులు లెక్కపెట్టుకుని బతికేవాడికే తెలుస్తుంది.

నేను అతనితో ఆసుపత్రి వరండాలో మాట్లాడాను. "మీరు కూర్చోండి" అన్నాను. అతను వెనక్కి తిరిగి చూశాడు, మరెవరినో అంటున్నాననుకొని. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు: "మాయమ్మ ములాఖత్తుకి వచ్చినప్పుడల్లా వొంద రూపాయలిమ్మనీవోడు బాబూ. రెండుపాలిచ్చినాది. మూడోపాలి నేదని సెప్పినాది. ఆ సాయంత్రమే నన్ను బయటికి పిల్సి అరికాళ్ల మీద కొట్టినాడు."

ఆ తరువాత విచారణ ఫైలు అడిగి చూశాను. అతని వాఙ్మూలంగా అందులో వున్నది ఇది: "నా తల్లి నన్ను చూచుటకు వచ్చిన సందర్భములలో సదరు వార్డరు నా పట్ల మర్యాదగానే వ్యవహరించియుండెను. నేను మానసిక ఆందోళన వలన ఫిర్యాదు చేసియుంటిని." కింద బొటనవేలి ముద్ర. దీని సంగతేమిటని నేనడిగితే అతను చెప్పింది ఒక్కటే: "నాకు సదువు రాదు బాబూ. ఆళ్లేటి రాసినారో నాకు తెల్దు. వేలేయమన్నారు, ఏసినాను."

మరో అయిదుగురు సాక్షుల వాఙ్మూలాలు కూడా ఆ ఫైల్లో వున్నాయి. అందరూ అదే బ్యారక్ ఖైదీలు. అందరూ చెప్పింది ఒక్కటే: "సదరు దినమున సాయంత్రము 5.30 గంటలకు నేను నిద్రించుచుంటిని. ఎట్టి గలాటాయు జరిగియుండలేదు. ఫిర్యాదీదారుడు అబద్ధములాడు స్వభావము కలవాడు."

వ్రాతప్రతులను పరిష్కరించేవారికి ఒక సూత్రం తెలుసు. 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన బ్రౌను దొర నుంచి మన వేటూరి వారి దాకా తాళపత్రాలు సరిపోల్చినవారందరూ దాన్ని ఏదో ఒక రూపంలో వాడుకున్నవారే. రెండు ప్రతుల్లో మంచి పాఠం ఒకటే అయితే దాన్నిబట్టి పెద్దగా ఏమీ తేలదు; రెండూ సరిగ్గా వుండవచ్చు. రెండు ప్రతుల్లో ఒకే తప్పు, ఒకే చోట, ఒకే విధంగా వుంటే మాత్రం ఆ రెండూ ఒకే మాతృకకు నకళ్లు. ఈ సూత్రం నేను విద్యార్థులకు ఏటా చెప్పేదే. జైలు ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు అది పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఫిర్యాదీదారుడు" అనే తప్పుమాట అయిదు వాఙ్మూలాల్లోనూ వుంది. అది గుమాస్తా అలవాటు అని సరిపెట్టుకోవచ్చు. సాయంత్రం అయిదున్నరకు నిద్రపోవడాన్ని మాత్రం సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఆ జైల్లో అది లాకప్‌కు ముందు లెక్క చూసే వేళ. ఖైదీలందరూ వరసన కూర్చుని వుండాలి. ఆ వేళ అయిదుగురు నిద్రపోతే లెక్క తేలదు. లెక్క తేలకపోతే అలారం మోగుతుంది. ఆనాటి లాకప్ రిజిస్టరు చూశాను. లెక్క సక్రమంగా తేలినట్టు సంతకాలున్నాయి. జైలు తన రిజిస్టరులో ఒక మాట రాసుకుంది, విచారణ ఫైల్లో దానికి విరుద్ధమైన మాట రాసుకుంది. ఇంకొక విశేషం కూడా చెప్పాలి. అయిదుగురిలో ఒకతను ఒరిస్సా నుంచి ఇటుకబట్టీ పనికి వచ్చి కేసులో ఇరుక్కున్నవాడు. అతనికి తెలుగు నాలుగైదు మాటలకు మించి రాదు. అతని పేరు కింద "ఎట్టి గలాటాయు జరిగియుండలేదు" అనే చక్కని గ్రాంథికం వుంది.

నేను సందర్శకుల పుస్తకంలో ఈ సంగతులు తొమ్మిది పంక్తుల్లో రాశాను. కొట్టారని గాని, కొట్టలేదని గాని రాయలేదు. ఆ వాఙ్మూలాలు సాక్షులవి కావని మాత్రం రాశాను. సూపరింటెండెంటు వ్యాఖ్య ఇట్లా వచ్చింది: "సందర్శకుల వారు సాహిత్యవేత్తలు. భాషను గూర్చి వారి అభిప్రాయము గమనించడమైనది. విచారణ ఫలితమునకు దానితో సంబంధము లేదు."

ఈ వ్యాఖ్య రాసినాయన దుర్మార్గుడు కాడు. ఆయన హయాంలో ఆ జైల్లో తిండి బాగుపడింది, చిన్న గ్రంథాలయం ఏర్పడింది. వాఙ్మూలంలోని భాషకూ సత్యానికీ సంబంధం లేదని ఆయన నిజంగానే నమ్మాడు. మన ఆఫీసుల్లో పనిచేసేవారిలో చాలామంది నమ్మకం అదే. మనిషి మాట్లాడింది ఒకటి, దాన్ని "శుద్ధిచేసి" రాసింది మరొకటి, రెండింటికీ అర్థం ఒకటే అనుకుంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది ఈ అపోహ మీదనే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, దండలు వేస్తాం. వ్యావహారికం కథల్లో గెలిచింది, పత్రికల్లో గెలిచింది, మన పాఠ్యపుస్తకాల్లో చాలావరకు గెలిచింది. ఠాణాలోను, జైలు ఆఫీసులోను అది ఇంకా గుమ్మం బయటే నిలబడి వుంది. అక్కడ గ్రాంథికం నిలిచివుండటానికి కారణం పాండిత్యాభిమానం అనుకోవడం పొరపాటు. చెప్పినవాడికే అర్థం కాని భాషలో రాస్తే, అతను కాదనడానికి వీలుండదు. ఆ భాషకు అక్కడ అదే ప్రయోజనం.

కొన్నాళ్లకు ఆ శాఖలోనే చాలాకాలం ఇటువంటి విచారణలు జరిపి పదవీవిరమణ చేసిన ఒక పెద్దాయనతో పరిచయమైంది. నిజాయితీపరుడని పేరున్న మనిషి. నేనడిగిన దానికి దాపరికం లేకుండా చెప్పారు.

"మాస్టారూ, మీరు ఫైలు చదివి ఇంటికి పోతారు. నేను విచారణ చేసిన జైలుకే మర్నాడు నన్ను బదిలీ చేయవచ్చు. అక్కడ ఖైదీలు వెయ్యిమంది. డ్యూటీలో వుండే వార్డర్లు ఏ పూటైనా నలభై మంది. ఆ నలభై మంది నా వెనక నిలబడకపోతే నేను గేటు దాటి లోపలికి పోలేను. వాళ్లలో ఒకడి ఉద్యోగం తీయించిన ఆఫీసరని నాకు పేరొస్తే నా వెనక ఎవరు నిలబడతారు?"

"అయితే ఖైదీలు చెప్పింది అబద్ధమని రాస్తారా?" అని అడిగాను.

"అబద్ధమని నేనెప్పుడూ రాయలేదండీ. రుజువు కాలేదని రాశాను. అది నిజమే గదా! నాలుగు గోడల మధ్య కొడితే రుజువెక్కడిది? పైవాళ్లు దాన్ని అబద్ధమని చదువుకున్నారు. నేను కాదని చెప్పలేదు."

"రుజువు కాలేదు" నుంచి "అబద్ధం" దాకా వున్న దూరం ఒక మనిషి ముప్ఫై రోజుల స్వేచ్ఛ. ఆ దూరాన్ని ఎవరూ ప్రత్యేకంగా దాటలేదు. ఒకరు సగం దూరం తెచ్చి వదిలారు, మరొకరు అక్కడినుంచి అందుకున్నారు. ఎవరి మనస్సాక్షికీ మచ్చ పడలేదు. ఇంటివాళ్లే ఇంటి తప్పును విచారించుకునే పద్ధతిలోని సౌకర్యం ఇదే.

ఆయన మరొక సంగతి చెప్పారు. ములాఖత్ గది దగ్గర డ్యూటీకి వార్డర్లలో పోటీ వుంటుందనీ, ఆ డ్యూటీ దక్కించుకోవడానికి కూడా కొన్ని చోట్ల పైన ఇచ్చుకోవలసి వుంటుందనీ. వంద రూపాయలు తీసుకున్న వార్డరుకు మిగిలేది ఎంతో మనకు తెలియదు. విచారణ మాత్రం అతని దగ్గర మొదలై అతని దగ్గరే ఆగుతుంది. జైలులోపల అతను దొర. జైలు గేటు బయట, ఇరుకు క్వార్టర్లో, రాత్రి డ్యూటీలు చేసి కళ్లు ఎర్రబడ్డ చిన్న ఉద్యోగి. ఖైదీ వర్గమూ అతని వర్గమూ ఒకటే కావడం ఈ వ్యవహారంలోని విషాదం. అతనూ ఏ పల్లెలోనో పొలం అమ్ముకుని వచ్చినవాడి కొడుకే.

ఈ డబ్బు గొడవ కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో జాన్ హోవార్డు 1773లో బెడ్‌ఫర్డ్ షెరీఫు పదవిలోకి వచ్చి జైళ్లు చూడడం మొదలుపెట్టినప్పుడు, జైలరుకు జీతమే లేదు. ఖైదీల దగ్గర వసూలు చేసుకునే రుసుములే అతని జీవనాధారం. కోర్టు నిర్దోషి అని వదిలేసినవాణ్ణి కూడా రుసుము చెల్లించలేదని లోపలే వుంచేవారు. హోవార్డు దేశమంతా తిరిగి, లెక్కలు రాసుకుని, 1777లో పుస్తకం ప్రచురించాడు. ఆయన చూడగలిగిందీ రాయగలిగిందీ ఎందుకంటే, జైలరు జీతం గాని ఆయన జీతం గాని ఒకరి చేతిలో ఒకరిది లేదు. ఆనాటి రుసుము ఈనాడు చట్టంలో లేదు. కాని ఖైదీని చూడడానికి వచ్చిన తల్లి గేటు దగ్గర కొంగుముడి విప్పవలసిన అవసరం వున్నంత కాలం, ఆ రుసుము రద్దయిందని చెప్పలేం.

మన దేశంలో బయటివాడి కన్ను లోపల పడితే ఏమవుతుందో తెలియడానికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ వుంది. తీహార్ జైల్లో మరణశిక్ష పడి వున్న సునీల్ బత్రా అనే ఖైదీ సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశాడు. అది తనను గురించిన ఉత్తరం కాదు. ప్రేమ్‌చంద్ అనే మరో ఖైదీని ఒక వార్డరు దారుణంగా హింసించాడనీ, చూడవచ్చిన బంధువుల నుంచి డబ్బు గుంజడానికే ఈ పని చేశాడనీ రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించింది. ఇద్దరు న్యాయవాదులను కోర్టుకు సహాయకులుగా నియమించి, జైలుకు వెళ్లి ఖైదీని కలుసుకోవడానికి, కాగితాలు చూడడానికి, సాక్షులతో మాట్లాడడానికి వారికి అధికారమిచ్చింది. ఆ గాయానికి జైలు వైపు నుంచి వచ్చిన సంజాయిషీల్లో మొలల వ్యాధి కూడా ఒకటి! 1979 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. హింస జరిగిందని నిర్ధారించారు. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలనీ, జిల్లా న్యాయాధికారులు జైళ్లు చూడాలనీ, ఖైదీలతో న్యాయవాదులు రహస్యంగా మాట్లాడే వీలుండాలనీ ఆదేశించారు.

ఈ కథలో మనం గమనించవలసింది ఒకటుంది. దెబ్బలు తిన్నవాడొకడు, ఉత్తరం రాసినవాడు మరొకడు. పక్కన రాయగలిగిన మనిషి లేకపోతే ప్రేమ్‌చంద్ పేరు మనకు తెలిసేది కాదు. నేను చెప్పిన జైల్లో ఐటీఐ కుర్రవాడు చేసింది కూడా అదే పని.

ఫిర్యాదుల పెట్టె నేను వెళ్లిన జైల్లోనూ వుంది. తాళంచెవి జిల్లా జడ్జి కార్యాలయంలో వుంటుంది. అంతవరకూ తీర్పు అమలైనట్టే. పెట్టెను తగిలించిన చోటు మాత్రం చీఫ్ హెడ్‌వార్డరు గది ఎదుట. తాళం బయటివారి చేతిలో వుంది, పెట్టె దగ్గరికి పోయే దారి లోపలివారి కళ్ల ముందు వుంది.

బయటి పరీక్ష ఎంత అవసరమో అమెరికాలో అటికా జైలు సంఘటన ఇంకా స్పష్టంగా చూపించింది. 1971 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ జైల్లో ఖైదీలు తిరగబడి సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. 13వ తేదీన ప్రభుత్వ బలగాలు కాల్పులు జరుపుతూ లోపలికి చొరబడ్డాయి. ఆ దాడిలో 39 మంది చనిపోయారు. వారిలో బందీలైన ఉద్యోగులు పదిమంది. ఖైదీలే బందీల గొంతులు కోశారని అధికారులు ప్రకటించారు, పత్రికలు అచ్చువేశాయి. మర్నాడు శవపరీక్ష చేసిన వైద్యుడు జాన్ ఎడ్లండ్ ఆ బందీలు పోయింది తుపాకి గుళ్లవల్లనే అని చెప్పాడు. ఆ తుపాకులు ప్రభుత్వానివి. ఎడ్లండ్ జైలు శాఖ ఉద్యోగి కాడు, మరో కౌంటీ వైద్యాధికారి. ఆ సంగతిని బయటికి తెచ్చింది అతని ధైర్యం ఒక్కటే కాదు, అతని ఉద్యోగం జైలువారి చేతిలో లేకపోవడం కూడా.

మన చట్టం ఈ సూత్రాన్ని కొంతవరకు ఒప్పుకుంది. 2005లో క్రిమినల్ ప్రొసీజరు కోడుకు చేసిన సవరణ ప్రకారం నిర్బంధంలో మనిషి చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలి. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన కొత్త సంహితలో కూడా ఆ నియమం వుంది. నిర్బంధంలో మరణాన్ని 24 గంటల్లోగా తమకు తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషను 1993లోనే ఆదేశించింది. ఇవి మంచి నియమాలే. కాని వీటి అర్థమేమిటి? ఖైదీ చచ్చిపోతే బయటివాడు వస్తాడు. బతికి, కుంటుతూ, నోరు విప్పి చెప్పగలిగిన స్థితిలో వుంటే లోపలివాడే వింటాడు. మాట్లాడలేనివాడికి స్వతంత్ర విచారణ, మాట్లాడగలిగినవాడికి శాఖాపరమైన విచారణ!

ఇది కొద్దిమంది గొడవ అనుకోవద్దు. 2022 చివరి నాటికి దేశంలో ఖైదీలు 5,73,220 మంది. జైళ్లలో చోటు వున్నది 4,36,266 మందికి. ఆ ఖైదీల్లో 4,34,302 మంది ఇంకా ఏ నేరమూ రుజువు కాని విచారణ ఖైదీలు. నూరింటికి డెబ్భై అయిదుమందికి పైన ఇంకా చట్టం దృష్టిలో నిర్దోషులన్నమాట. ఇంతమందిని ఇంత ఇరుకులో పెట్టి, కొద్దిమంది వార్డర్ల చేత కాయిస్తున్నప్పుడు కొట్టడం అనేది ఏ ఒక్కడి క్రూరస్వభావమో కాక, పని జరుపుకునే పద్ధతిగా మారిపోతుంది.

ఖైదీలందరూ సత్యహరిశ్చంద్రులని నేను చెప్పబోవడం లేదు. నేను విన్న ఫిర్యాదుల్లో అబద్ధాలూ వున్నాయి. వంటశాలలో పని సంపాదించుకోవడానికి, అప్పటికి అక్కడ పనిచేస్తున్నవాడి మీద లేనిపోని దొంగతనం అంటగట్టినవాడు ఒకడు. ఆ సంగతి ఎట్లా తేలిందంటే, అతను చెప్పింది అతని మాటల్లోనే రాసుకుని, వారం తరువాత మళ్లీ అడిగితే కథ మారిపోయింది. అతని మాటలకు బదులు "సదరు", "యుండెను" అని రాసి వుంటే ఆ అబద్ధం కూడా బయటపడేది కాదు. మనిషి సొంత మాటను వున్నది వున్నట్టు పట్టుకుంటే నిజమూ తేలుతుంది, అబద్ధమూ తేలుతుంది. ఆఫీసు భాషలో రెండూ ఒకే రంగులో వుంటాయి.

ఆ శ్రీకాకుళం ఖైదీ సంగతి ఏమైందో చెప్పాలి. జిల్లా జడ్జి గారు ఆ నెల తనిఖీకి వచ్చినప్పుడు నా తొమ్మిది పంక్తులు చదివి లాకప్ రిజిస్టరు తెప్పించారు. అబద్ధపు ఆరోపణ నోటీసు ఉపసంహరించుకున్నారు. రిమిషన్ కోత తప్పింది. వార్డరును మరో జైలుకు మార్చారు. అతని మీద అంతకుమించి చర్య లేదు. ఒరియా కూలి వేలిముద్ర కింద తెలుగు ఎట్లా వచ్చిందని ఎవరూ ఎవర్నీ అడగలేదు. మూడు వారాల తరువాత "పరిపాలనా కారణాల" మీద ఫిర్యాదు చేసిన ఖైదీని కూడా మార్చారు. అతను వెళ్లిన జైలుకు వాళ్లమ్మ రెండు బస్సులు, ఒక రైలు ఎక్కాలి. వార్డరుకూ ఖైదీకీ ఒకే విధమైన ఉత్తర్వు. ఒకరికి బదిలీ జీతంతో, మరొకరికి సంకెళ్లతో. కాగితం మీద రెండూ సమానంగానే కనిపిస్తాయి.

కావలసినవి అసాధ్యమైనవి కావు. ఖైదీ ఫిర్యాదును విచారించే మనిషి ఆ శాఖ ఉద్యోగి కాకూడదు, అతని బదిలీలు, ప్రమోషన్లు ఆ శాఖ చేతిలో వుండకూడదు. వాఙ్మూలాన్ని చెప్పినవాడి మాటల్లోనే, ప్రశ్న జవాబుగా రాయాలి, చదివి వినిపించాలి, తెలుగు రానివాడికి దుబాసీని పెట్టాలి. ఈనాడు గొంతు రికార్డు చేయడానికి పైసా ఖర్చు లేదు. విచారణ ముగిసేదాకా, ముగిసిన తరువాత కొంతకాలం దాకా, ఫిర్యాదు చేసినవాణ్ణి అతని సమ్మతి లేకుండా కదిలించకూడదు. "రుజువు కాలేదు" అనే మాటను ఆధారం చేసుకుని ఎవరినీ అబద్ధపు ఆరోపణ కింద శిక్షించకూడదు. 1894 చట్టం స్థానంలో తెచ్చుకోవడానికి కేంద్రప్రభుత్వం 2023లో ఒక నమూనా చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. పాత చట్టం పోయి కొత్త చట్టం రావడం సంతోషమే. పద్నాలుగో నేరమూ, ఆ నేరాన్ని విచారించే కుర్చీ ఎక్కడివక్కడ వుంటే పేరు మారిన సంతోషమే మిగులుతుంది.

ఈ పత్రిక చదివేవారిలో ఎక్కువమంది ఉపాధ్యాయులు, విద్యార్థులు. సందర్శకుల పదవులు చాలా జిల్లాల్లో ఊరి పెద్దమనుషులకు మర్యాద పూర్వకంగా దక్కుతాయి. వారు వస్తారు, పప్పు రుచి చూస్తారు, "సంతృప్తికరము" అని రాసి పోతారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్నిబట్టి పని పంచే నియమాలను కొట్టివేస్తూ, జిల్లా న్యాయసేవాధికార సంస్థలు, సందర్శకుల మండళ్లు కలిసి జైళ్లను క్రమంగా తనిఖీ చేయాలని ఆదేశించింది. అంటే ఈ పదవికి చేయవలసిన పని ఇప్పుడు కచ్చితంగా వుంది. మన జిల్లా జైలుకు సందర్శకులెవరో, వారు ఆఖరిసారి ఎప్పుడు వెళ్లారో, ఏం రాశారో మనం అడిగి తెలుసుకోవచ్చు. న్యాయసేవాధికార సంస్థ నియమించే పారాలీగల్ వాలంటీర్లుగా మన విద్యార్థులు చేరవచ్చు. రాయడం రానివారికి అక్షరాలు నేర్పడం మనకు చేతనైన పనే. ఒక్కో బ్యారక్‌లో తన పేరు, తనకు జరిగింది, జరిగిన తేదీ తన చేత్తో రాసుకోగలిగినవారు పదిమంది వుంటే, అక్కడ వేలిముద్ర కింద గ్రాంథికం రాయడం ఇంత సులభంగా సాగదు.